వరసగా రెండు ఎర్ర చుక్కలు

పప్పు కింద పొయ్యి కట్టేశానా లేదా, కట్టే ఉంటాను, కట్టకపోయినా అత్తయ్య ఉన్నారుగా, ఆవిడకి కరెంటు పొయ్యంటే భయమే గానీ పప్పు మాడుతుందంటే అంతకన్నా భయం, అయినా మూడు నిమిషాల్లో ఉద్యోగం ఊడేలా ఉన్న మనిషికి పప్పు గురించి బెంగేమిటి, ఎడమవైపు టర్న్‌టేబుల్ మీద రికార్డు తిరిగిపోతోంది, జుట్టుని గోపురంలా దువ్వి ఫొటోలు దిగే పల్లెపాటల రాజధాని నాష్‌విల్‌లో పెద్ద గాయని ఒకావిడ, వాకిట్లో దీపం ఆర్పనురా, నువ్వెప్పుడొస్తే అప్పుడే రా అని ఏడుస్తోంది, ఆ ఏడుపు అయ్యేలోపు కుడివైపు టర్న్‌టేబుల్ మీద ఏది పెట్టాలో నేను తేల్చుకోవాలి, ఒక చేతిలో లారీల గురించి పాడే మగాయన ఉన్నాడు, రెండో చేతిలో నా స్నేహితురాలు లొరీన్ ఉంది, లొరీన్ రికార్డు మీద ఎర్ర చుక్క ఉంది, తిరుగుతున్న రికార్డు మీదా ఎర్ర చుక్కే, ఎర్ర చుక్క పక్కన ఎర్ర చుక్క వేస్తే ఈ రేడియో స్టేషన్ పైకప్పు కూలిపోతుందని మా మేనేజరు వెండెల్ గారి నమ్మకం.

మొదటిరోజు ఆ చుక్కలు చూసి మురిసిపోయాను కూడా, వర్జీనియా కొండల మధ్య, మేం తప్ప ఇండియా మొహమే లేని ఊళ్ళో రికార్డులకి బొట్టు పెట్టుకున్నారేమిటా అని, వెండెల్ గారు నవ్వి, హనీ, అవి ఆడవాళ్ళ రికార్డులు, పొరపాటున రెండు వరసగా వేసేస్తారని గుర్తు పెట్టాను అన్నారు, వేస్తే ఏమవుతుందండీ అంటే, ఆడవాళ్ళు రేడియో కట్టేస్తారు, పొద్దుటిపూట వినేది ఆడవాళ్ళే, వాళ్ళకి ఆడగొంతు ఒకటైతే ముద్దు, రెండోది వచ్చేసరికి మొహం మొత్తుతుంది, సర్వేలు ఉన్నాయి అన్నారు, ఆ సర్వేలు చేసిందెవరో అడగాలనిపించింది గానీ కొత్త ఉద్యోగం కదా, నోరు మూసుకున్నాను, పోనీ మధ్యలో ఎరువుల ప్రకటన వేస్తే సరిపోదా అన్నాను, సరిపోదట, పాడే మగాడే కావాలట, మరి మగాళ్ళు మాత్రం వరసగా నలుగురొచ్చి ఒకడు లారీ తోలి, ఒకడు విస్కీ తాగి, ఒకడు జైల్లోంచి అమ్మని తలుచుకుని, ఒకడు కుక్క చచ్చిపోయిందని ఏడ్చినా ఎవరికీ మొహం మొత్తదు కాబోలు, ఆ మాటకొస్తే వెండెల్ గారు చెడ్డమనిషేం కాదు, బెల్టుకి టిఫిను పళ్ళెమంత బిళ్ళ పెట్టుకుని తిరుగుతారు గానీ మనసు వెన్న, క్రిస్మస్‌కి పందిమాంసం పొట్లం పట్టుకొచ్చి, మేం తినమని గుమ్మంలో గుర్తొచ్చి, అట్నుంచటే వెనక్కి వెళ్ళి చిక్కుడుగింజల డబ్బాలు తెచ్చిచ్చారు, వాటిలోనూ పందిమాంసం ఉంది, అది వేరే సంగతి, టైపు చెయ్యడానికి చేరిన నన్ను, అనౌన్సరమ్మాయి పురిటికి వెళ్తే మైకు ముందు కూచోబెట్టింది ఆయనే, వసుమతి అని నోరు తిరక్క మిస్ వాసీ అని పేరు పెట్టిందీ ఆయనే, ఇప్పుడు ఊళ్ళో నా యాస లూసియానాదా కాదా అని వాదులాడుకుంటారు, మాది తెనాలి అంటే అది లూసియానాలో ఏ మూల అంటారు, నవ్వొస్తుంది గానీ నాకీ ఇరుకు గది ఇష్టం, ఈ మైకు ఇష్టం, ఇంట్లో కోడల్ని, మిల్లు పిక్నిక్‌లో కెమిస్టుగారి భార్యని, ఇక్కడొక్కచోటే మిస్ వాసీని, ఇది పోతే ఏడుస్తాను, నిజంగా ఏడుస్తాను.

పాట రెండో చరణంలోకి వెళ్ళింది, ఇంకా దీపం ఆర్పలేదు, అవతల సాక్సుల మిల్లులో పదింటి బ్రేక్ గంట కొట్టే ఉంటారు, లౌడ్‌స్పీకర్లో మా రేడియో పెట్టే ఉంటారు, లొరీన్ కాఫీ కప్పు పట్టుకుని దాని కిందే నిలబడి ఉంటుంది, మా ఆయన సాక్సులకి రంగులు కలిపే మిల్లులోనే లొరీన్ సాక్సుల వేళ్ళ దగ్గర మూతి కుడుతుంది, నాకు కారు డ్రైవింగ్ నేర్పింది తనే, చెట్టుకి గుద్దినప్పుడు చెట్టుదే తప్పని సాక్ష్యం చెప్పిందీ తనే, తన పాట తనే రాసుకుని, తనే పాడి, ఎవరి గరాజులోనో రికార్డు చేయించుకుంది, ఈ లోకంలో ఎన్ని పాదాలకో తొడుగులు కుట్టాను, నా గడప దాటిపోయే పాదాలకి మాత్రం కుట్టు వెయ్యలేకపోయాను, ఓ అక్కా, ఆ దీపం ఆర్పేసి పడుకో, కరెంటు దండగ అని పాట, మొదటిసారి విన్నప్పుడు నవ్వాను, రెండోసారి నవ్వు రాలేదు, వాళ్ళింట్లో పాట ఇవాల్టిది కాదు, అమ్మమ్మ వెన్న చిలుకుతూ సముద్రం అవతలి నుంచి వచ్చిన పాత కథల పాటలు పాడేదట, పట్నం నుంచి ఒక పెద్దమనిషి రికార్డింగు మిషను మోసుకొచ్చి ఆవిడ పాటలన్నీ పట్టుకుని వెళ్ళి రికార్డు అట్ట మీద తాతగారి పేరు అచ్చేశాడట, ఎందుకయ్యా అంటే ఇంట్లో ఫిడేలు ఆయనది, ఆయన వాయించనైనా లేదు, మిషను చూసి భయపడి పశువుల కొట్టంలో కూచున్నాడట, తర్వాత పిన్ని బ్యాండుతో ఊరూరా తిరిగింది, బ్యాండుకి ఒక్క ఆడపిల్లే ఉండాలి, ఆ ఒక్కతీ బ్యాండులో ఎవరో ఒకరి భార్య అయి ఉండాలి, లేకపోతే పరువుగల ఊళ్ళో హాలు ఇవ్వరు, అందుకని పిన్ని ఫిడేలు వాయించేవాడి భార్యనని చెప్పుకుని పాడేది, బాగానే జరిగింది, ఒకరోజు ఆ ఫిడేలువాడి అసలు భార్య వచ్చి మొదటి వరసలో కూచునేదాకా, ఈ కథ చెప్పి లొరీన్ పడీపడీ నవ్వి, చూడు వాసీ, అమ్మమ్మకి పేరే లేదు, పిన్నికి ఉన్నది ఇంకొకావిడ పేరు, నా రికార్డు మీద ఉన్నది మాత్రం నా పేరే, ఎటొచ్చీ అది నీ డబ్బాలోంచి బయటికి రావడం లేదు అంది, గంట మొత్తానికి ఎర్ర చుక్కలకి దొరికే చోట్లు రెండో మూడో, అవన్నీ గోపురం జుట్టు వాళ్ళకే సరిపోతాయి.

మా వంటింట్లో ఆ పాట ఎన్నిసార్లు మోగిందో, అత్తయ్య ఆర్నెల్లు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చినప్పటినుంచీ లొరీన్ శనివారాలు బెండకాయలు తెచ్చి అక్కడే బల్ల మీద కూచుని పాడుతుంది, అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, నేను దానికీ, రేడియోలో వచ్చే దీపం పాటకీ అర్థం చెబుతూ ఉంటే కూర తరుగుతూ వింటారు, ఈ దేశంలో ఆడవాళ్ళ పాటలన్నీ మొగుళ్ళ మీదేనటే వసూ, పాపం మనకి వియ్యపురాళ్ళైనా ఉన్నారు అన్నారు, అత్తయ్య మామూలు మనిషి కాదు, ఆవిడ పేరు నాగమణి, నాగమణి గారు మగపెళ్ళివారి తరఫున వస్తున్నారంటే ఆడపెళ్ళివారు పక్కూళ్ళ నుంచి పాటగత్తెల్ని అరువు తెచ్చుకునేవారట, బంతి భోజనాల దగ్గర వియ్యాలవారి పాటలు మొదలైతే ఇటు ఒకావిడ, అటు ఒకావిడ, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, విస్తళ్ళు ఎండిపోయేవి గానీ పాటలు ఆగేవి కావట, ఒకసారి అత్తయ్య, మా వియ్యపురాలు సన్నమేనమ్మా, గుమ్మంలో ఇరుక్కుంటే తప్పు గుమ్మానిదమ్మా అని అందుకుని లొరీన్‌కి చేత్తో గుమ్మం కొలిచి చూపించారు, అర్థం నేను చెప్పేలోపే లొరీన్ బల్ల మీద దరువేసి తన బుగ్గలు ఉబ్బించి జవాబు పాడేసింది, ఏ భాషలో పాడిందో దేవుడికెరుక, అత్తయ్య మళ్ళీ అందుకున్నారు, ఈయన మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, ఎవరూ పట్టించుకోకపోతే తనే కాఫీ కలుపుకుని వెళ్ళిపోయారు.

అంతా బాగానే కుదిరింది నిన్నటిదాకా, ఇవాళ పదింటి బ్రేక్‌లో తన పాట వేస్తానని, నాదీ పూచీ అని లొరీన్‌కి మాటిచ్చాను, ముందు లారీ ఆయన, వెనక ఇంకో మగాయన, మధ్యలో లొరీన్, రూలు రూలే, స్నేహం స్నేహమే, లొరీన్ కుట్టుమిషన్ల వాళ్ళందరికీ చెప్పేసింది, పొద్దున్నే వెండెల్ గారి ఫోను, వాసీ హనీ, విత్తనాల కొట్టు వాళ్ళ పెళ్ళిరోజు, ఆవిడకి దీపం పాటంటే ప్రాణం, సరిగ్గా పదింటికి వేసెయ్ అని, మొగుడు ఇంటికి రాని పాట పెళ్ళిరోజుకి కోరుకున్న ఆ మహాతల్లి ఎవరోగానీ నా కొంప ముంచింది, మధ్యలో మగాయన్ని వేస్తే ఆయన లారీ దిగేసరికి బ్రేక్ అయిపోతుంది, లౌడ్‌స్పీకరు కట్టేస్తారు, లొరీన్ పదిమంది ముందూ కాఫీ కప్పు కడుక్కుని మిషను దగ్గరికి వెళ్తుంది, ఏమీ అనదు, అదే బాధ, నన్ను తిట్టినా బాగుండు, ఈయనకి ఫోన్ చేస్తే, మనకెందుకు వసూ, రేపు వేస్తానని చెప్పు, ఊళ్ళో ఉన్న ఇండియావాళ్ళం మనమొక్కళ్ళమే అన్నారు, ఈయనకి ఎరుపు రంగు కాస్త ఎక్కువ పడితే మొత్తం సాక్సులు పారబొయ్యాలి, అందుకని జీవితంలో దేన్నీ ఒక చుక్క ఎక్కువ పడనివ్వరు, రేపట్నుంచి రోజూ వేస్తే వెయ్యొచ్చు గానీ ఆ అమ్మమ్మకీ ఆ పిన్నికీ కూడా ఎవరో ఒకరు రేపే అని ఉంటారు, అదుగో గాయని చివరి ఏడుపు ఎత్తుకుంది, నాకేమైనా పిచ్చా, మగాయన్ని పక్కన పెట్టేశాను, లొరీన్‌ని పెట్టాను, ముల్లు దించాను, వాకిట్లో దీపం ఇంకా వెలుగుతూ ఉండగానే ఓ అక్కా అంది లొరీన్.

పైకప్పు కూలలేదు, ఓసారి పైకి చూశాను కూడా, ఇక ఫోన్లే రావాలి, ఊరంతా రేడియోలు కట్టేసి ఫోన్లు ఎత్తే ఉంటారు అనుకుని కూచున్నాను, లొరీన్ పాదాలు కుడుతోంది, గడప దాటుతోంది, మైకు గదిలో ఫోను మోగదు, దాని మీద దీపం వెలుగుతుంది, ఇంకా వెలగదేం, వెలిగింది, వెండెల్ గారు, విత్తనాల కొట్టు నుంచి, అయిపోయింది, టైపు పని కూడా ఉంచరు, వాసీ హనీ, అద్భుతం, ఇక్కడ అమ్మగారు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఈ పాటకి ఇంత పెద్ద చివరిభాగం ఉందని నాకే తెలీదు, ఏ రికార్డులో ఉందది అన్నారు, నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, తన చేత్తో చుక్కలు పెట్టిన మనిషి, ఇద్దరు ఆడవాళ్ళు పాడితే ఒక్కరే అనుకుంటున్నాడు, ఊరుకుంటే గండం గడిచిపోతుంది, అవునండీ అదే రికార్డు అంటే చాలు, ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, కానీ లొరీన్ పేరు మళ్ళీ ఇంకొకావిడ పేరు కింద పడుకుంటుంది, పిన్నిలాగే, అందుకని, కాదండీ, ఇది వేరే ఆవిడ, మన సాక్సుల మిల్లు లొరీన్ అన్నాను, ఆయన వెనక నుంచి మా లొరీనేనా అని అమ్మగారి కేక, అంటే రెండు ఎర్ర చుక్కలా అన్నారాయన, రెండండీ అన్నాను, జనం ఫోన్లు చేశారా అన్నారు, ఒకటే వచ్చిందండీ, మీదే అన్నాను, ఆయన గొంతు సవరించుకుని, సోమవారం మాట్లాడదాం అని పెట్టేశారు, ఆ సోమవారం ఎలా ఉంటుందో గొంతుని బట్టి తెలియలేదు.

పెట్టీ పెట్టగానే మళ్ళీ దీపం, ఈసారి అత్తయ్య, ఈ దేశంలో ఆవిడ తిప్పడం నేర్చుకున్న నంబరు ఇదొక్కటే, పొయ్యి కట్టలేదా అన్నాను గాభరాగా, పప్పు నేను చూసుకున్నాలే, పాట విను ముందు, దీపం పెట్టుక్కూచున్నావిడకి మన లొరీన్ భలే జవాబిచ్చిందే, సమయానికి అందుకుంది, మరి మూడో ఆవిడేదీ, ఎవరూ అందుకోకపోతే పరువేం కాను, పోనీ ఫోన్‌లో నేను ఎత్తుకోనా అన్నారు, వద్దు అత్తయ్యా, చూస్తాను ఉండండి అని పెట్టేసి నవ్వుకుంటూనే ఆగిపోయాను, ఇంగ్లీషు ముక్క రాని ఆవిడకి వినిపించింది ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో కూచుని నాకెందుకు వినిపించలేదు, ఆ రూలు ఆడవాళ్ళకి చోటు తగ్గించిందనే అనుకున్నాను, కానీ ఒకావిడ నోరు విప్పి ఏదో అడుగుతుంది, వెంటనే ముగ్గురు మగాళ్ళు లారీలు తోలుకుంటూ వచ్చేస్తారు, దుమ్ము అణిగి ఇంకో ఆవిడ వచ్చేసరికి మొదటావిడ ఏమడిగిందో ఎవరికీ గుర్తుండదు, అందుకే ఈ పాటలన్నీ నాకు ఒంటరి ఏడుపుల్లా ఉండేవి, వాళ్ళు ఏడుస్తున్నారనుకున్నాను, వాళ్ళు పక్కావిడ అందుకోవాలని చూస్తున్నారు, లొరీన్ అమ్మమ్మా అందుకే పాడి ఉంటుంది, పిన్నీ అందుకే, ఎంత తేలికైన సంగతి, లొరీన్ చివరి చరణంలోకి వచ్చింది, సోమవారం సంగతి సోమవారం, నేను లారీ ఆయన్ని అట్టలోకి తోసేసి ఎర్ర చుక్కల డబ్బాలో చెయ్యి పెట్టి మూడో ఆవిడ కోసం వెతుకుతున్నాను.