చెరువు మీద మోరాగ్ రాయి

డ్రమ్‌కారీ చెరువు గడ్డ కడుతోందన్న కబురు ఊళ్ళో అందరికంటే ముందు హెక్టర్‌కే తెలియాలి. మంచు మీద బరువైన రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆటకు ఊళ్ళో ఉన్న క్లబ్బులో మంచు పెద్ద అతనే మరి. అతను ఊ అన్నాకే జనం ఆట రాళ్ళూ, జారే రాయి ముందు మంచు ఊడ్చే చీపుళ్ళూ పట్టుకుని చెరువు మీద కాలు పెట్టాలి. అతని కంటే ముందు ఆ పెత్తనం అతని తండ్రిది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రోడ్ల శాఖలో ఉప్పు చల్లే లారీ తోలి, కనిపించిన మంచునల్లా కరిగించిన మనిషి, రిటైరయ్యాక చలికాలం వస్తే చాలు అదే మంచు కోసం కిటికీ దగ్గర కాపలా కాయడం చూసి అతని భార్య మోరాగ్‌కు నవ్వొచ్చేది. "ఇన్నాళ్ళూ దాని ఉసురు పోసుకున్నావు. ఇప్పుడు రమ్మంటే ఎందుకొస్తుంది?" అనేది.

ఈ జనవరిలో వచ్చింది. గాలి కూడా లేకుండా ఎముకలు కొరికే చలి పట్టుకుని వదల్లేదు. చెరువు ముందు అంచుల్లో తెల్లబడి, తర్వాత నడిమధ్య దాకా మూసుకుపోయింది. ఇరవై ఏళ్ళ పైమాటే, అది అలా మూసుకుపోయి.

ఆ ఇద్దరి రోజులూ ఒక గాడిన పడి చాలా కాలమైంది. పొద్దున్నే ఓట్స్ జావ, రేడియో, పేపర్లో గళ్ళనుడికట్టు. అడ్డం ఆమెవి, నిలువు అతనివి. ఒకరి గళ్ళలోకి ఇంకొకరు దూరితే మధ్యాహ్నం దాకా మాటలుండవు. భోజనమయ్యాక చెరువు చుట్టూ నడక. వారానికోసారి పట్నంలో, కప్పు కింద మరలతో గడ్డ కట్టించిన మంచు మీద కర్లింగ్. అక్కడ మోరాగ్ రాయి వదిలిందంటే గీసిన వలయం మధ్యలోకి పోయి ఆగేది. తుంటి ఎముక మార్పించుకున్నాక వంగడం కుదరక, నిలబడి కర్రతో తోయడం నేర్చుకుంది. అలా తోసినా హెక్టర్ రాళ్ళను బయటికి గెంటేది. ఇంటికొచ్చే దారంతా కారులో ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉండేది.

కానీ ఆమె మనసు చెరువు మీద ఉండేది. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు ఆ తేడా తెలుసు. కప్పు కింద రాయి గుట్టుగా జారిపోతుంది. చెరువు మీద జారితే కింద నీళ్ళున్నాయి కాబట్టి చెరువంతా గొంతెత్తుతుంది. గర్జించే ఆట అని దానికి పేరే ఉంది. మోరాగ్ ఆ గర్జన చిన్నప్పట్నుంచీ ఒడ్డు మీద నిలబడే విన్నది. ఆ ఊళ్ళో చెరువు ఆట మగవాళ్ళది, సూపు గిన్నె ఆడవాళ్ళది. క్రితంసారి చెరువు గడ్డ కట్టేనాటికి ఆ ఆంక్షలు పోయాయి గానీ, బడిలో వంట చేసే మనిషి కావడంతో గరిటె ఆమె చేతిలోనే మిగిలింది. ఈ ఆట అయిపోగానే నీకో రాయి ఇప్పిస్తానని హెక్టర్ ఆరోజు మాటిచ్చాడు. ఆట సాగింది, గెలిచాడు, విస్కీ తాగాడు, పొద్దు గుంకింది. రేపు చూద్దాంలే అన్నాడు. మర్నాడు చెరువు మీద నీళ్ళు నిలిచాయి. అప్పట్నుంచి ఏ చలికాలమూ ఆ మాట తీర్చుకునే వీలివ్వలేదు.

ఇక వాయిదా వేయడానికి చలికాలాలు కూడా లేవు. మోరాగ్ మెట్లెక్కలేకపోతోందని చెరువు పక్కనున్న ఇల్లు అమ్మేశారు. వసంతంలో పట్నంలోని కింది అంతస్తు ఇంట్లోకి మారాలి.

శుక్రవారం పొద్దున హెక్టర్ చెరువు నుంచి వచ్చేసరికి మోరాగ్ అతని తండ్రి ఆడిన రాళ్ళు తుడుస్తోంది. రెండూ ఎర్ర పిడుల గ్రానైటు రాళ్ళు, జత. ఒకటి పొయ్యి పక్కన ఉండేది, ఇంకొకటి వెనక తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉండేది. పొయ్యి మీద గిన్నె లేదు.

"సూపు?" అన్నాడు హెక్టర్.

"ఈసారి ఎవడికి కావాలంటే వాడు కాచుకుంటాడు. ఎంత మందముంది?"

హెక్టర్ చెయ్యి చూపించాడు. తండ్రి చెప్పిన కొలత ఒకటే ఉంది. మంచుకు చిల్లు వేసి, అరచెయ్యి పక్కకు నిలబెట్టి బొటనవేలు పైకెత్తితే మంచు ఆ వేలి కొస దాకా రావాలి. హెక్టర్ చెయ్యి పారంత ఉంటుంది. ఆవేళ మంచు అరచేతి దాకా వచ్చి బొటనవేలి మొదట్లో ఆగిపోయింది.

"ఇంకో రెండు రాత్రులు పడాలి. ఆదివారం పెట్టుకుందాం," అన్నాడు.

"జనమంతా ఎక్కాలంటే ఆదివారమే పెట్టుకోండి. నేను ఒక్కదాన్నే కదా. మన పడవ రేవు పక్కన, ఒడ్డు వదలకుండా ఒక్క రాయి తోస్తాను. ఇప్పుడే వెళ్దాం పద."

హెక్టర్‌కు ఆ మాట నచ్చింది కూడా. రేవు దగ్గర లోతు మోకాలు దాటదు, మంచు ఒక్క మనిషిని నిక్షేపంగా మోస్తుంది. అది అతనికి తెలుసు. కానీ అరగంట కిందే క్లబ్బు కార్యదర్శి డూగీకి ఫోను చేసి, చెరువు మీద పిల్లి కూడా నడవకూడదని చెప్పి ఉన్నాడు. ఇప్పుడు తన పెళ్ళామే ఎక్కిందని తెలిస్తే ఊళ్ళో ఇంకెవడు తన మాట వింటాడు? ఆ పరువు ముందు మిగతావన్నీ చిన్నగా కనిపించాయి.

"ఊరందరికీ వద్దని చెప్పి నిన్నెలా ఎక్కించను అమ్మాయ్? ఆదివారం మొదటి రాయి నీదే. మా నాన్న మీద ఒట్టు."

డెబ్బై దాటిన భార్యను అతనింకా అమ్మాయ్ అనే పిలుస్తాడు. మోరాగ్ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "పోయినసారి కూడా రేపన్నావు హెక్టర్," అంది. ఇంకో నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. వాదించుకుంటే ఓడిపోవడం అతనికి అలవాటే.

మధ్యాహ్నం క్లబ్బు హాల్లో జనం చేరారు. హాలు చెరువు మలుపుకు అవతల ఉంటుంది. అక్కణ్ణుంచి వీళ్ళ రేవు కనబడదు, మధ్యలో పైన్ చెట్లు అడ్డం. డూగీ కుదురుగా లేడు. గాలి పడమటికి తిరిగి మంచు కరగబోతోందని రేడియోలో చెప్పారు, రేపే ఆడేద్దాం అని పట్టుబట్టాడు. కుర్రకారు వాడి వైపు చేరింది. హెక్టర్ బల్ల మీద తన పారంత చెయ్యి నిలబెట్టి, బొటనవేలు చూపించి, తండ్రి కాలం నాటి సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. అయినా వాళ్ళు మెత్తబడలేదు.

సరిగ్గా అప్పుడే చెరువు వైపు నుంచి ఒక మోత వచ్చింది. మొదట సన్నగా, తర్వాత లావుగా, నేల అడుగునుంచి వస్తున్నట్టు సాగి సాగి ఆగింది.

హెక్టర్ వేలెత్తాడు. "విన్నారా? మంచు బీటలు వారుతోంది. ఇక మాట్లాడకండి."

కుర్రకారు ఆదివారానికే ఒప్పుకుంది. డూగీ కూడా తల దించుకున్నాడు. హెక్టర్ గెలిచిన మనిషిలా టీ రెండు కప్పులు తాగి, బాగా చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. మోరాగ్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. పొయ్యి సెగ కాబోలు అనుకున్నాడు. హాల్లో ఏం జరిగిందో చెబుదామని నోరు తెరిస్తే, అలిసిపోయానంటూ లేచి వెళ్ళి పడుకుంది.

తెల్లారుతుండగా వెనక తలుపు టపటపా కొట్టుకుంటున్న చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. పడమటి గాలి, వెచ్చటి గాలి, దానితో పాటు వాన. తలుపుకు అడ్డం ఉండాల్సిన రాయి లేదు. కోటు తగిలించుకుని బయటికొచ్చాడు. పెరటి దారిలో, ఇంకా కరగని మంచు మీద ఒంటి చక్రపు తోపుడు బండి జాడ రేవు దాకా పోయింది. పక్కనే చిన్న అడుగులు, ఒక కాలు ఈడ్చిన గీత. రేవు చివర నిలబడి చూశాడు. మంచు నల్లబడి, దాని మీద నీళ్ళు తిరుగుతున్నాయి. చెరువు మీద చాలా దూరంలో ఎర్ర పిడి కనిపిస్తోంది. అంత దూరం రాయి వెళ్ళడం అతను తన తండ్రి ఆటలో కూడా చూడలేదు.

వెళ్ళి తెచ్చే దారి లేదు. ఇంకాసేపటికి అది మునిగిపోతుంది. తండ్రి రాయి పోతోందన్న బాధ కలుగుతుందేమోనని అతను ఎదురుచూశాడు. కలగలేదు. మోరాగ్ కుంటుకుంటూ అంత బరువును ఒంటరిగా తోసుకొచ్చిందన్న బాధే కలిగింది. పక్కనే ఉండి ఆ రాయి ముందు చీపురు పట్టాల్సింది తను. ఆమె రాయి వెళ్తుంటే చూడాల్సింది తను.

వంటింట్లో మోరాగ్ జావ కలుపుతోంది. తిరిగి చూడలేదు.

"మీ నాన్న రాయి పోగొట్టాను," అంది.

"రాయి పోతే పోయింది. మందం చాలదని చెప్పాను కదా."

"నీ చేతికి చాలలేదు." ఆమె తన చిన్న చెయ్యి నిలబెట్టి బొటనవేలు ఎత్తింది. "రేవు పక్కన నువ్వేసిన చిల్లులోనే పెట్టి చూశాను. నా చేతికి సరిగ్గా సరిపోయింది."

హెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. తడిసిన కోటు విప్పాలన్న సంగతి కూడా తోచలేదు. రాయి ఎలా వెళ్ళిందని అడిగాడు.

మోరాగ్ గరిటె పక్కన పెట్టి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపమైతే అతను తట్టుకునేవాడు. "ఆగదేమో అనుకున్నా. చెరువంతా పాడినట్టుంది హెక్టర్. నా కాళ్ళ కిందనుంచి మొదలై అవతలి గట్టు దాకా పోయింది. నీకు చూపించలేకపోయానన్నదొక్కటే లోటు. అయినా హాలు దాకా వినబడే ఉంటుంది, ఆ చప్పుడు నీకు తెలియకుండా ఉంటుందా, విని పరిగెత్తుకొస్తావనుకున్నా. చీకటి పడేదాకా రేవు మీదే నిలబడ్డా. నీకు వినబడలేదా?"

వినబడలేదని అబద్ధం చెబితే ఇద్దరికీ సుఖంగా ఉండేది. బయట వెనక తలుపు మళ్ళీ కొట్టుకుంది. దాన్ని పట్టి ఆపడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"విన్నాను," అన్నాడు హెక్టర్. "మంచు పగులుతోందనుకున్నాను. అందరికీ అదే చెప్పాను."