మంగవ్వకు నూటికి నూరు హాజరు

మా అమ్మ మంగవ్వ పరలోకం మొన్నటి ఈస్టర్ దాకా నా కుడిచేతి బొటనవేలి మీద నిలబడింది. ఎనిమిదేళ్లుగా మందిరం గడప తొక్కని మనిషి వేలు అది.

ఎందుకు తొక్కలేదో ముందే చెప్పేస్తాను. నా విడాకులప్పుడు ఆరు వారాలు నా పేరును మైకులో పెట్టి ప్రార్థన చేశారు. మొదటి వారం కన్నీళ్లు వచ్చాయి. మూడో వారానికి ఎస్.ఆర్. నగర్‌లో నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్ అమ్మాయిలక్కూడా సంగతి తెలిసిపోయింది. నా కష్టం దేవుడికి ఒక్కసారి చెబితే చాలదా, ఆయనకు చెవుడా అని అమ్మతో పోట్లాడి మానేశాను.

మా మందిరం అమీర్‌పేటలో, మైత్రీవనానికి రెండు గల్లీల అవతల ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉంది. సంఘం అక్కడికి మారకముందు అది కోచింగ్ సెంటర్. బెంచీల మీద ఎవరెవరివో ప్రేమ పేర్లు, ఫోన్ నంబర్లు ఇంకా ఉన్నాయి. పాస్టర్ జోగారావు గారు కూడా ఆ హాలుతో పాటు వచ్చినవారే. పన్నెండేళ్లు అక్కడే జావా చెప్పి, ఆ తర్వాత ప్రభువు పిలుపు అందుకున్నారు. పిలుపు అందినా పాత అలవాటు పోలేదు. ఆదివారం ఆరాధనను ఏడున్నర బ్యాచ్, తొమ్మిదిన్నర బ్యాచ్ అని రెండు చేశారు. కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి వారం డెమో క్లాసా అని నేనంటే మా అమ్మ నా నెత్తిన గరిటెతో ఒకటి వేసింది.

జనవరి మొదటి ఆదివారం ఆయన గుమ్మం పక్కన వేలిముద్రల మిషను పెట్టించారు. మూతబడ్డ ఏదో సెంటర్‌లోదే. ఆ రోజు ప్రసంగం కూడా దాని మీదే.

"క్లాసుకి రాకుండా సర్టిఫికెట్ ఇమ్మంటే ఎవరైనా ఇస్తారా అండీ? రక్షణ కూడా అంతే. ఇంట్లో పడుకుని యూట్యూబ్ చూసేవాడు రక్షింపబడ్డానంటే ఎలా నమ్మాలండి?"

రూలు కూడా చదివారు. లోపలికి వచ్చేటప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి వేలు పెట్టాలి. ఈస్టర్ నాటికి డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్లకు ఆ రోజు సంస్కారం లేదు. సంస్కారమంటే మా వాళ్లకు అన్నీ. వేలెడు రొట్టెముక్క, గుటకెడు ద్రాక్షరసం. దానికోసం మా అమ్మ ముందురోజు నుంచి ఎవరితోనూ కొట్లాట పెట్టుకోదు, నాతో కూడా.

మిషను మా అమ్మను గుర్తుపట్టలేదు. ఇరవై రెండేళ్లు హాస్టల్ వంటగదిలో గిన్నెలు తోమి, మిరపకాయలు నూరి, ఆమె పది వేళ్లూ నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపులో కూడా ఇదే తంటా. మిషను చూసుకునే అనుదీప్ ఒక్కో వేలూ తుడిచి, ఊది, మళ్లీ పెట్టించి చివరికి చేతులెత్తేశాడు. మా అమ్మను దింపడానికి వచ్చిన నేను గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాను.

"అక్కా, మీ వేలు పెట్టుండ్రి. ఆంటీ పేరు మీద ఎక్కిస్త. రేషన్‌ల సుత గిట్లనే చేస్తరు కదా."

ఆ రోజే రెండొందల మందికి పైగా వేళ్లు పట్టాడు పాపం. మా సంగతి మర్నాటికే మరిచిపోయాడు. నేను మాత్రం ఇరుక్కుపోయాను. ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకు అమ్మను తీసుకెళ్లి వేలు పెట్టి, కిందికి దిగి ఇరానీ చాయ్ తాగి, పన్నెండుకు మళ్లీ ఎక్కి వేలు పెట్టాలి.

"యేసు పక్కన సిలువ మీద దొంగ ఏ సంఘంల మెంబరమ్మా? ఆయన ఎన్ని ఆదివారాలు పోయిండు? ఒక్క మాటతోనే పరలోకం దొరికె" అన్నాను ఒకసారి, మెట్లు దిగుతూ.

"ఆయన చేతులకు మేకులున్నయి. నీ చేతులకేమైందే?" అంది మా అమ్మ.



ఫిబ్రవరి మొదట్లో ఆమె హాస్టల్ గిన్నెలు కడిగే చోట జారి పడింది. ఎడమ కాలు విరిగింది. పిండికట్టు వేసి, దానిమీదే పెన్నుతో తేదీ రాసి, ముసలి ఎముక కదా, పది వారాలు కాలు కింద పెట్టవద్దన్నాడు డాక్టరు. మా గది పంజాగుట్ట వెనక గల్లీలో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మ కాలు గురించి ఒక్క మాట అనలేదు. వేళ్లు మడిచి ఆదివారాలు లెక్కపెట్టుకుని, "అయితే ఈస్టర్‌కు నాకు సంస్కారం లేనట్టే" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మందిరం గోడ మీద అంటించిన రూల్స్ కాగితం నేను రెండుసార్లు చదివి చూశాను. జ్వరం, విరిగిన కాలు, చావు, దేనికీ అందులో సెలవు లేదు. అప్పుడు నాకు మండింది. మీ మిషనుకు కావలసింది వేలే కదా, ఆ వేలు నా దగ్గరే ఉంది అనుకున్నాను. ఎనిమిది ఆదివారాలు, కోడికూరకు పోతున్నానని అమ్మకు చెప్పి, తొమ్మిదిన్నరకొకటి, పన్నెండుకొకటి వేలిముద్ర వేసి వచ్చాను. చికెన్ కూడా తెచ్చాను, అబద్ధం పూర్తిగా అబద్ధం కాకూడదని. ఈస్టర్ రోజు పాస్టర్ గారిని బతిమాలైనా సరే, ఆ రొట్టె, ఆ రసం ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలని నా ఆలోచన. గొప్ప ఆలోచనే అనుకున్నాను.

ఎవరికైనా అనుమానం వచ్చిందా అంటే రాలేదు. పొద్దుటి బ్యాచ్ వాళ్లు మంగవ్వ రెండో బ్యాచ్‌కు వస్తోందనుకున్నారు. రెండో బ్యాచ్ వాళ్లు పొద్దుటి బ్యాచ్‌కు మారిందనుకున్నారు. ఆమె పక్కన కూర్చునే సుకన్య ఆంటీకి ఒకసారి అనుమానం వచ్చి ఫోన్‌లో లిస్టు చూసుకుందట. మంగవ్వ పేరు పక్కన హాజరు అని ఉంది. సరే అనుకుందట.

ఇంట్లో మాత్రం ఒక వింత మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాగానే అమ్మ తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టమనేది. లీటరు పాలు ఎక్కువ తెప్పించేది. పక్కింటి నుంచి రెండు కుర్చీలు అడిగి తెమ్మనేది. యూట్యూబ్‌లో ఆరాధన చూడ్డం కూడా అయిపోయాక ఇంత ముస్తాబు ఎందుకో అనుకునేదాన్ని. సాయంత్రం ఆరు దాటాక, "ఇగ పాలు తోడువెయ్యి బిడ్డా" అనేది. సోమవారం పెరుగన్నం, మంగళవారం మజ్జిగ పులుసు. ఎనిమిది వారాలు పెరుగు తిని తిని నాకు విసుగొచ్చింది గానీ, ఆ పాలు ఎవరికోసమని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఈస్టర్ వచ్చింది. నేను తొమ్మిదిన్నరకు వేలు పెడుతుండగానే లోపల మైకులో పాస్టర్ గారి గొంతు వినిపించింది.

"ఈ మూడు నెలల్లో ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వచ్చిన వ్యక్తి మన సంఘంలో ఒకే ఒక్కరు ఉన్నారండి. యువకులు కాదు, సంఘపెద్దలు కాదు. మన మంగవ్వ గారు. నూటికి నూరు. అందరూ ఆమెను చూసి నేర్చుకోవాలి. మంగవ్వ గారూ, ముందుకి రండమ్మా."

హాలంతా చప్పట్లు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేవలేదు.

"ఏంటి, సిగ్గుపడుతున్నట్టున్నారు" అని ఆయనే నవ్వి, గుమ్మంలో నన్ను చూసి, "కూతురు గారున్నారు కదా, మీరే తీసుకోండి" అన్నారు. నా చేతిలో ఒక షీల్డు పెట్టారు. బంగారు రంగు ప్లాస్టిక్, మధ్యలో అమ్మ పేరు. ఎనిమిదేళ్ల తర్వాత నేను ఆ వేదిక ఎక్కడం, దొంగ సొమ్ము అందుకోవడానికి. సంస్కారం అడగాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు. కెమెరా నా ముఖం మీదే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇదంతా మా అమ్మ ఫోన్‌లో లైవ్ చూస్తోందని.

ఇంటికి వచ్చేసరికి ఫోన్ ఆమె పక్కన బోర్లించి ఉంది. షీల్డు ఎక్కడ దాచాలో తెలియక వెనక చేత్తో పట్టుకున్నాను.

"ఈ ఎనిమిది వారాలు నువ్వు పోయి వేలు పెట్టినవా?"

"నీకు సంస్కారం పోవద్దని పెట్టిన అమ్మా."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ముందుగాల ఈ మిషను లేనప్పుడు మన సంఘపెద్ద రాజనర్సయ్య నోటుబుక్కు పట్టుకుని తలలు లెక్కవెడ్తుండె. ఎవ్వలు రాకున్నా, ఆ దినమే మేం నలుగురం వాళ్లింటికి పోతుంటిమి. పానం బాగలేకుంటే అయ్యగారు డబ్బల సంస్కారం వట్టుకొస్తుండె. ఇరవై ఏండ్లు ఎన్ని ఇండ్లు తిరిగిన్నో, ఎన్ని చాయ్‌లు తాగిన్నో. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్న. వస్తరు, వస్తరు అని ఎనిమిది ఆదివారాలు చూసిన. కాలు ఇరిగిందని ఏడ్వలేదు నవీనా. నేను లేనన్న సంగతి ఎవ్వలకు ఎరుకనే లేదని ఏడ్చిన."

ఫోన్ పక్కకు జరిపి అంది. "నువ్వు నన్ను ఆడ కూసోవెట్టి, ఈడ దాసిపెట్టినవ్ బిడ్డా."

ఆ పాలు, ఆ కుర్చీలు, ఆ చీర అప్పుడు అర్థమయ్యాయి. వాళ్లు రాకుండా ప్రతి ఆదివారం గడియ పెట్టింది నా వేలే. నేను ఆమె మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. ఆమె అరిగిన చెయ్యి నా నెత్తిన పెట్టి, "షీల్డు మస్తుగున్నది. ఏడ వెడ్దాం?" అంది. దాన్ని మరుగుదొడ్డి కిటికీ కింద, చీపురు పక్కన పెట్టాం.

మరుసటి ఆదివారం నేను మందిరానికి పోలేదు. ఇంట్లోనే ఉండి ఉల్లిగడ్డలు కోశాను. మా అమ్మ జీవితంలో మొదటిసారి లిస్టులో గైర్‌హాజరు అయింది. నూటికి నూరు తెచ్చుకున్న మంగవ్వ రాకపోవడమేమిటని వాట్సాప్ గ్రూపులో గోల లేచిందట.

మధ్యాహ్నం ఒంటిగంటకు మెట్ల మీద ఆయాసపడుతూ రాజనర్సయ్య తాత, వెనక సుకన్య ఆంటీ, ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు. మా అమ్మను నాలుగు మాటలనడానికి సిద్ధమై వచ్చారు. పిండికట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎప్పుడైందే ఇది?" అంది సుకన్య ఆంటీ.

అమ్మ దుప్పటి జరిపి కట్టు మీది తేదీ చూపించింది. సుకన్య ఆంటీ దాన్ని చదివి, మంచం మీద కూలబడి, మా అమ్మను పట్టుకుని ఏడ్చేసింది. రాజనర్సయ్య తాత ఫోన్ తీసి, "అయ్యగారు, డబ్బ వట్టుకొని పంజాగుట్టకు రాండ్రి. ఇప్పుడే" అన్నాడు.

అరగంటలో జోగారావు గారు వచ్చారు. చంకలో సంస్కారం డబ్బా, నుదుటి మీద చెమట. వచ్చినవాళ్లు జరిగిందంతా చెప్పారు. నేను నా వంతు కూడా చెప్పాను, ఏదీ దాచలేదు. ఆయన కట్టు మీద తేదీ చూశారు. జావా చెప్పిన మనిషి కదా, లెక్క వెంటనే తేలిపోయింది. ముఖం వాడిపోయింది.

మా అమ్మ కొంగు తలమీద కప్పుకుని, "అయ్యగారు, ఒక మాట అడుగుత. ఈ దినంతోని పది ఆదివారాలు నేను మందిరానికి రాలే. నా రక్షణ ఉన్నట్టా, పోయినట్టా?" అంది.

గదిలో అందరూ ఆయన వైపు చూశారు. నేనైతే మరీ చూశాను.

"ఉందమ్మా" అన్నారాయన మెల్లగా. "ఎక్కడికి పోతుంది."

"మరి మీది?"

ఆయనకు అర్థం కాలేదు.

"మీరు సుత రాలే కదా అయ్యగారు. పది ఆదివారాలు."

ఎవరూ నవ్వలేదు. కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని డబ్బా తెరిచారు. రొట్టె ముక్క ఆమె అరచేతిలో పెట్టారు. మా అమ్మ కళ్లు మూసుకుని తీసుకుంది. ప్రార్థన మధ్యలో ఆయన తన పది ఆదివారాల సంగతి కూడా దేవుడికి చెప్పుకున్నారు. మైకు లేదు కాబట్టి అది మా గదిలోనే ఉండిపోయింది.

నేను లేచి పొయ్యి మీద చాయ్ పెట్టాను. ఎనిమిది మందికి గ్లాసులు చాలక స్టీలు చెంబులో కూడా పోశాను. సుకన్య ఆంటీ రెండోసారి అడిగింది, రాజనర్సయ్య తాత మూడోసారి. సాయంత్రం గిన్నెలు కడుగుతూ చూస్తే, తోడు వెయ్యడానికి పాలు మిగల్లేదు.