నాలుగు వందల బావుల బరువు

బావి నీళ్ల కమిటీ రిపోర్టు చదువుతుంటే సరస్వతికి అరికాలి మంట నెత్తికెక్కింది. సంగారెడ్డి కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే తనను కమిటీలో వేసుకున్నది ఉత్త సంతకం కోసమేనా?

1994 వేసవి. ఇస్నాపూర్ అవతల, ఫ్యాక్టరీల వెనక ఉన్న ఊరు. అరవై బావులు. అందులో సగం చెడ్డాయని తేలితేనే నల్లా నీళ్లు మంజూరు. పన్నెండు బావుల నీళ్లు పరీక్షకు పంపితే తొమ్మిది తాగడానికి పనికిరావని వచ్చాయి. రిపోర్టులో మాత్రం చెడ్డవి నూటికి నాలుగేనట! ఎంత అన్యాయం!

"పన్నెండుల తొమ్మిది చెడితే నూటికి నాలుగెట్లయితది సార్?" పంచాయతీ ఆఫీసులోనే కమిటీ పెద్ద పాండురంగాన్ని నిలదీసింది.

"పన్నెండు జెర తక్కువ గదమ్మా. అందుకే పాత సర్వే కలిపినం. నాలుగు వందల బావులల్ల చెడ్డయి ఎనిమిదే. లెక్కకు ముందు ఒక నమ్మకం ఉండాలని నువ్వే పిల్లలకు చెప్తవు గద?"

చెబుతుంది. ఆ నమ్మకం మారిస్తే జవాబు ఎంత మారుతుందో చూడమని కూడా చెబుతుంది. ఆ రెండో మాట మింగేశాడు మహానుభావుడు. పైగా ఆ సర్వే తాలూకా మొత్తానిది, ఫ్యాక్టరీలు రాకముందుది.

సరస్వతి రిపోర్టు వెనకనే లెక్క వేసింది.

"ఎటూ మొగ్గకుండ, ఒకటి మంచిది ఒకటి చెడ్డది అనుకొని మొదలువెడితే నూటికి డెబ్బై ఒకటి. మీ నమ్మకంతోని నాలుగు. పన్నెండుకు పన్నెండు చెడినా మీ లెక్క అయిదు దాటదు. ఇగ నీళ్లు పరీక్ష చేసుడెందుకు సార్?"

"లెక్కల తప్పుంటే చూపెట్టు," అన్నాడాయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! లెక్కలో తప్పు లేదు, ఆమెకు మంటంతా అక్కడే.

గడప దగ్గర కూర్చున్న మొగులమ్మ అంతా వింటోంది. చెడిన తొమ్మిదిలో ఆమె బావి ఒకటి. ఆ నీళ్లతో చేతులనిండా పుండ్లు.

"మీ సదువులు నాకెరుక లేదు బిడ్డా. ఇంకెన్ని బావులు చెడితే సారు సగమని ఒప్పుకుంటడు? గది చెప్పు."

సరస్వతి రెండుసార్లు సరిచూసుకుంది.

"ఇంకో మూడు వందల డెబ్బై ఎనిమిది, పెద్దమ్మా. అండ్ల మంచిది ఒక్కటుండొద్దు."

మొగులమ్మ పాండురంగం వైపు తిరిగింది.

"ఊర్లె ఉన్నయే అరవై గద సారూ! కడమయి మేమే తవ్వి ఇయ్యాల్నా?"

సంతకం పెట్టాల్సిన చోట సరస్వతి మొగులమ్మ ప్రశ్ననే రాసి, కాగితం ఆయన ముందుకు తోసింది.