గాసికి రాసిన ఆపరేషన్

అచ్చియమ్మ తన చెల్లెలు చిన్నమ్మలు శవాన్ని జీపులోంచి దింపుతుంటే కడుపు మీది కట్టు ఊడిపోయింది. ఆమె చేతులు మోచేతుల దాకా చెల్లెలి రక్తంలో తడిశాయి. మూడు రోజుల కిందట తన కాళ్ళతో తాను నడిచి ఆ జీపే ఎక్కిన మనిషి! గూడెం పైకి ఎక్కడం కుదరదని, ఆస్పత్రి డ్రైవరు దారిలోనే దించేసి ఘాటీ దిగిపోయాడు.

చెల్లెల్ని జీపెక్కించింది సంతలో ఆస్పత్రి శిబిరం వాళ్ళు రాసిచ్చిన కాగితం. అచ్చియమ్మ కొంగున కూడా అలాంటిదే ఉంది. అండాశయంలో గడ్డ, రక్తంలో కేన్సర్ నెంబరు ఎక్కువ, గర్భసంచితో సహా తీసెయ్యాలి. వచ్చే శుక్రవారం జీపెక్కాల్సింది ఆమే. ఆమెతో పాటు గూడెంలో ఇంకా పదిమంది. ఎన్ని కడుపులు కోస్తే ఆ ప్రైవేటు ఆస్పత్రికి అంత సర్కారు సొమ్ము.

ఆ శిబిరంలో నర్సుగా చేసే మాధవి పక్క గూడెం పిల్ల. శవంతో వచ్చిన సంచిలోని కాగితాలు తీసి చదివింది.

"కోసిన గడ్డని పరీక్ష సేసినారు. కేన్సరు కాదంట అక్కా. ఒట్టి గడ్డే."

"మరా నెంబరేటి?" అచ్చియమ్మ అరిచింది.

"సుట్ట కాల్సినోళ్ళకి ఆ నెంబరు ఊరికినే పెరుగుతాది. డాకటరుకి సెప్పినాను. నోర్ముయ్యమన్నాడు."

అప్పుడు కూడా అచ్చియమ్మ నోట్లో అడ్డపొగ చుట్ట ఉంది, నిప్పు కొస లోపలికి పెట్టుకుని. గాలికి ఆరదని, చేతులకి పని అడ్డం కాదని అక్కడి ఆడవాళ్ళంతా అలాగే కాలుస్తారు. దాన్ని తుపుక్కున ఊసింది.

"సదువుకున్నోడు అబద్దమెందుకాడతాడు? నిజంగా కేన్సరుంటే?" ఆ పదిమందిలో ఒకతె, కనక, ఏడుపు గొంతుతో అంది. ఆమె చేతిలోనూ కాగితముంది.

అచ్చియమ్మ మొగుడు గాసి చెయ్యి చాపాడు.

"నానూ సుట్ట కాలుస్తన్నాను గదేటి! నా రగతం తియ్యి నర్సమ్మా. గాసమ్మ అని పేరు రాయి. ఏటి రాత్తాడో సూద్దుం."

"నా ఉజ్జోగం పోతాది మావా," అంది మాధవి. అంటూనే సూది తీసింది.

శుక్రవారం సంత నిండా జనం. శిబిరం డాక్టరు లక్ష్మణరావు స్కానింగు కూడా ఎప్పుడో మానేశాడు. రక్తపరీక్ష నెంబరు చూసి, కాగితం రాసి పేర్లు పిలుస్తున్నాడు.

"గాసమ్మ! అండాశయంలో కేన్సరు. గర్భసంచి తీసెయ్యాలి. జీపెక్కించండి."

గాసి లేచి, మీసం దువ్వుకుంటూ వెళ్ళి కాగితం అందుకున్నాడు.

"బేగి తీసెయ్యి బాబూ! ఎక్కడుందో నాకే తెల్దు."

సంతంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోంచే అచ్చియమ్మ మూటలోంచి చెల్లెలి రక్తపు చీర తీసి డాక్టరు బల్ల మీద పరిచింది. నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ళు జీపు టైర్లు కోసేశారు. డాక్టరు ఫోనుకి పోలీసులు దిగారు.

"ఆ కాగితం లాక్కోండి!" డాక్టరు కేక పెట్టాడు.

మొదటి లాఠీకే గాసి తల పగిలింది. పడిపోతూ కాగితాన్ని పెళ్ళాం చేతిలో కుక్కాడు. అచ్చియమ్మ దాన్ని పొగాకు చుట్టుకునే పాలిథీన్ ముక్కలో మడిచి నోట్లో పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు నిప్పు దాచిన నోరది. లాఠీ కొనతో నోరు తెరిపించబోయారు, రెండు పళ్ళు రాలాయి, పెదవి చీలింది. ఆమె దవడ వదల్లేదు.

పోలీసు వ్యానులో గాసి తల ఆమె ఒళ్ళోనే ఉంది. పాడేరు ఇంకా రాకముందే అతని ఊపిరి ఆగిపోయింది. ఆమెకి నోరు తెరిచి ఏడవడానికి కూడా లేదు.

మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. డాక్టరు మీద హత్యాయత్నం కేసట. ముద్దాయిలు పదకొండు మంది ఆడవాళ్ళు, మాధవి.

"ఏమైనా చెప్పుకుంటావా?"

అచ్చియమ్మ నోరు తెరిచింది. రక్తంతో కలిసి పాలిథీన్ ముక్క బల్ల మీద పడింది.

"సదువు బాబూ. అందల గాసమ్మంటే పోలీసులు సంపీసిన నా మొగుడు గాసి. ఆడికి గర్బసంచి తీసెయ్యాలని రాసినారు. గట్టిగా సదువు, బయటోళ్ళకి ఇనపడాల."

బయట, చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు మెట్ల దాకా నిండిపోయి ఉన్నారు. వాళ్ళందరి చేతుల్లోనూ అలాంటి కాగితాలే ఉన్నాయి.