తెల్లకాగితాల మీద వేలిముద్రలు

గోడకున్న మేకులు లాగి నల్లబల్లను కిందికి దించుతుంటే పనసగుడ జనమంతా బడి ముందు నిలబడి చూశారు. పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లు గొడ్డళ్లూ గంపలూ పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రెండువేల మూడు జూన్, బడి తెరవాల్సిన వారం. ఏడేళ్లలో ఒక్కనాడూ ఈ కొండ ఎక్కని ఆఫీసు మనుషులు ఆ రోజు ముగ్గురు ఎక్కి వచ్చారు. బడి చూడటానికి దొరకని తీరిక బడి ఎత్తేయడానికి దొరికింది.

సుజానా గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఈ కొండ పిల్లే. పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల అని ఊరే ఆమెను టీచరుగా ఎంచుకుంది. ఏడేళ్లుగా ఆ పాకలో టీచరూ ఆమే, ఆయా ఆమే. ప్రభుత్వం లెక్కలో మాత్రం వాలంటీరు. ఏటా జూన్‌లో ఊరు తీర్మానం రాసి పంపితే ఆ ఏటికి పని ఉన్నట్టు, పంపకపోతే లేనట్టు.

“ఏటి బాబూ, ఎందుకు ఇప్పీత్తన్నారు?” బడి కమిటీ పెద్ద మంగ్లు అడిగాడు.

సూపర్వైజరు లక్ష్మణరావు కింద మైదానం నుంచి వచ్చిన మనిషి. సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. “మీరు అడిగిందే చేస్తున్నాం. పిల్లలు తక్కువున్నారు, మా బడి ఎత్తేసి కింద రైల్వే స్టేషను దగ్గరి స్కూల్లో కలిపేయండని మీరే రాసి పంపారు. ఇవిగో, నలభై మూడు వేలిముద్రలు.”

మంగ్లుకు అక్షరం రాదు. కానీ కత్తి గాటు అడ్డంగా పడ్డ బొటనవేలి ముద్ర ఎవరిదో తెలియకపోదు. తన బొటనవేలిని దాని పక్కన పెట్టి చూశాడు.

“ఏలు నాదే. మాట నాది కాదు,” అన్నాడు.

అందరూ సుజానా వైపు తిరిగారు. ఆమె చూస్తుండగానే నల్లబల్ల ఇద్దరు కూలీల తలల మీద కొండ దిగిపోయింది.

స్టేషను దగ్గరి బడికి పోవాలంటే రైలుపట్టాల మీద రెండు సొరంగాలు దాటాలి. ఇనుపరాయి మోసే గూడ్సు బండి ఎవరికీ చెప్పి రాదు. ఆరేళ్ల పిల్లలు ఆ చీకట్లో గోడకు అతుక్కుని నడవాలి. ఈ సంగతి లక్ష్మణరావుకు తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు.

శుక్రవారం అరకు సంతలో అల్లం బస్తాల వెనక సుజానాతో కలిపి నలుగురు వాలంటీర్లు కూర్చున్నారు. పద్దెనిమిది ఊళ్లలో ఒకటే కథ, ఒకటే కాగితం. ఇకముందు ఏం చేసి బతకాలన్నది వాళ్ల మాట.

“టైడాలో టూరిస్టులకి పిట్టల్ని సూపించీ పనుందట. సోమారం రమ్మన్నారు, ఎల్లిపోతాను,” అన్నాడు టైటస్. వాడికి పిల్లలకు పిట్టల పేర్లు నేర్పడమంటే ప్రాణం.

“నాకు మిషనాస్పత్రోళ్లు నర్సింగు ఫారం ఇచ్చినారు,” అంది జీవిత.

బుధు నవ్వాడు. “నాకు ముప్పైయారు నిండినాయి. ఇప్పుడు కొత్తగా ఏటి నేర్సుకుంతాను? కాపీ తోటలో పళ్లు కోసుకుంతాను. నువ్వేటి సేత్తావు సుజానా?”

సుజానా తన సంచిని దగ్గరికి లాక్కుంది. అందులో ఒక ఉత్తరం ఉంది. హాస్టల్లో ట్యూటరు పోస్టు, వెంటనే వచ్చి చేరమని.

వీళ్లను తప్పుపట్టే నోరు ఎవరికుంది? కడుపు కాలుతుంటే మనిషి దారి వెతుక్కుంటాడు. పద్దెనిమిది బడులు ఒక్క వారంలో తుడిచిపెట్టిన వాళ్లు హాయిగా ఫ్యాన్ల కింద ఉన్నారు. చిన్నబోయి కూర్చున్నది మాత్రం ఈ నలుగురూనూ.

“మన సేతులతోనే ఇచ్చినాం కదక్కా ఆ కాయితాలు,” అంది జీవిత మెల్లగా.

అదీ అసలు సంగతి. విత్తనాల రోజుల్లో జనం తలో కొండ మీద ఉంటారు. ప్రతి కాగితానికీ ఊరిని పోగుచేస్తే పని చెడుతుంది. అందుకని వేసవిలో జనం ఇళ్ల దగ్గరున్నప్పుడే తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించి వాలంటీర్లు ఆఫీసులో ఇచ్చేసేవాళ్లు. అవసరమైనప్పుడు గుమాస్తా పైన తీర్మానం రాసుకునేవాడు. ఊరికి సాయమనుకునే చేశారు. ఈసారి మార్చిలో లక్ష్మణరావు రెండు కాగితాలు ఎక్కువ అడిగాడు. “ట్యూటరు పోస్టు పడబోతోందమ్మా, నీ పేరే రాస్తున్నా,” అన్నాడు. ఎందుకని సుజానా అడగలేదు. పిల్లలకు రోజూ ప్రశ్న అడగడం నేర్పే మనిషి తను మాత్రం అడగలేదు.

ఆదివారం ఊరు కూడింది. సుజానా ఉత్తరం తీసి అందరి ముందూ పెట్టి, జరిగింది దాచకుండా చెప్పింది.

“ఈవిణ్ని కొండ దించీయండి,” అని లేచాడు ధనరాజు. అతని బిడ్డలిద్దరూ ఆ బడిలోనే చదివేవాళ్లు. అతని కోపంలో అన్యాయమేమీ లేదు.

ముసలి అంతోనమ్మ సుజానా ముందుకొచ్చి కూర్చుంది. “మావు నీ సేతికి ఏలిచ్చినాం గుంటా. ఆఫీసు సేతికి కాదు.” సుజానా ఏడ్చింది. అంతోనమ్మ ఓదార్చలేదు. ధనరాజు వైపు తిరిగి అంది, “దించీసి ఏటి సేత్తావు? సొరంగంలోకి గుంటల్ని నువ్వంపుతావా?”

“ఎల్దుము,” అన్నాడు మంగ్లు. “ఎల్లి మన ఏళ్లు మనం అడిగి తెచ్చుకుందుము.”

సోమవారం నలభై మూడు మందీ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. సుజానా ఉత్తరాన్ని లక్ష్మణరావు బల్ల మీద పెట్టేసింది. “ఈ పని నాకొద్దు. ఆ కాయితం ఇచ్చీయండి.”

“అది రికార్డులోకి వెళ్లిపోయింది. ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు,” అన్నాడతను. ఎవరి చేతుల్లో ఉందని ధనరాజు అడిగితే లక్ష్మణరావు ఫోన్ అందుకున్నాడు.

పోలీసులు వెంటనే వచ్చారు. ఊరికి రాని బండి ఊరి మనుషుల కోసం క్షణాల్లో వచ్చింది. లారీలో కుక్కి పోలీస్ స్టేషను ఆవరణలో దింపారు. వాన మొదలైంది. మధ్యాహ్నానికి ఎస్సై ఒక కాగితం, సిరా పెట్టె పట్టుకుని వచ్చాడు. “తలా ఒక వేలిముద్ర వేసి ఇళ్లకు పోండి. మీ మీద కేసు లేదు.”

మంగ్లు అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. అంతోనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. “సదువు గుంటా,” అంది సుజానాతో. “గట్టిగా సదువు.”

సుజానా చదివింది. “ఉద్యోగం పోయిందన్న కక్షతో సుజానా అనే మాజీ వాలంటీరు మమ్మల్ని రెచ్చగొట్టి తీసుకొచ్చింది. బడి ఎత్తేయడం మాకు సమ్మతమే.”

“ఏసీయండి,” అంది సుజానా. “ఏసీసి ఎల్లిపోండి. గుంటలు ఇళ్లకాడ ఒక్కలే ఉన్నారు. బడి ఎలాగూ పోయింది. నానేటయితే ఏటి.” నిజంగానే ఆమెకు వేరే దారి కనపడలేదు.

మంగ్లు సిరా పెట్టె వంక చూశాడు. కత్తి గాటున్న బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద నాలుగు వేళ్లూ మూసేశాడు. అంతోనమ్మ మూసింది. ధనరాజు మూశాడు. వరసగా అందరూ మూశారు. కానిస్టేబుళ్లు ఒకరిద్దరి వేళ్లు విప్పబోయి, నలభై మూడు మందిని చూసి మానుకున్నారు.

“అయితే అందరూ ఇక్కడే పడుండండి. దీని మీద మాత్రం కేసు రాసి విశాఖపట్నం పంపండి,” అన్నాడు ఎస్సై సుజానాను చూపిస్తూ.

సుజానాను ఎక్కించుకున్న జీపు రైల్వే గేటు దగ్గర ఆగింది. గూడ్సు పోతోంది. అది దాటాక పట్టాలకు అవతల జనం కనపడ్డారు, నాలుగైదు ఊళ్ల వాళ్లు. ముందు జీవిత, బుధు. వాళ్ల పక్కన భుజాన సంచితో టైటస్.

“టైడా ఎల్లలేదేటి?” అని అడిగింది సుజానా, జీపు దగ్గరికొచ్చిన టైటస్‌ను.

“రేపెల్తానక్కా. ఇయ్యాల మా ఊరోళ్ల కాయితాలు అడగాలి. నిన్నెక్కడికి తీసుకెల్తన్నారు?”

సుజానా జీపులోంచి ముందుకు వంగింది. “ఆళ్లు ఏ కాయితం ఇచ్చినా ముందు సదివి ఇనిపించు,” అంది. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి మూసి చూపింది. “మావోళ్లు పోలీస్టేషన్లో ఇలాగ కూసున్నారు.”

టైటస్ వెనక్కి తిరిగి ఆ మాట జనానికి చెప్పాడు. ఒక్కొక్కరే తమ చేతుల వంక చూసుకుని వేళ్లు మడిచారు. గేటు లేచింది. జీపు ఘాట్ రోడ్డుకు తిరిగింది, జనం పోలీస్ స్టేషను వైపు నడిచారు.