తోడల్లుడి విమానం

కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి పళ్ళ డాక్టరంటే పడదు. ఇద్దరూ తోడల్లుళ్ళు. పెద్దమ్మాయిని ఈయన చేసుకుంటే చిన్నమ్మాయిని డాక్టరు చేసుకున్నాడు. పడకపోవడానికి ఆస్తి తగాదాల్లేవు, మాటామాటా అనుకున్నదీ లేదు. ఉన్నదల్లా రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానాల గొడవ. అది కూడా కళ్ళజోళ్ళాయన కడుపులోనే తప్ప బయట ఎవరికీ తెలియని గొడవ.

ఆ పిచ్చి ముందు పట్టింది ఈయనకే. ఆదివారం తెల్లారితే చాలు, విమానాన్ని చంకలో పెట్టుకుని, మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ వెనకున్న మైదానానికి బయల్దేరేవాడు. అక్కడ ఇలాంటివాళ్ళే ఇంకొందరు చేరేవారు. రిటైరైన స్టేషన్ మాస్టరు వాళ్ళకి పెద్ద దిక్కు.

విద్య మాత్రం అంత తేలిగ్గా అబ్బలేదు. మొదటి విమానం పక్కవీధిలో మేడ మీద ఆరేసిన దుప్పటిలో చుట్టుకుపోయింది. ఆ ఇంటావిడ దుప్పటితో సహా మూటగట్టి తెచ్చి, "దుప్పటి ఉతికి పంపించండి" అని ఇచ్చిపోయింది. రెండోదానికి బ్యాటరీ పట్టీ బిగించడం మర్చిపోయాడు. గాల్లో పల్టీ కొట్టించగానే బ్యాటరీ ఒక దారి పట్టింది, విమానం ఇంకో దారి పట్టింది. మూడోసారి జరిగింది మరీ అన్యాయం. పైన రెండు తెల్ల విమానాలు తిరుగుతున్నాయి. ఈయన రిమోట్ పుల్లలు మెల్లగా కదుపుతూ, "చూశారా మాస్టారూ, ఎంత సాఫీగా తిరుగుతోందో" అని మురిసిపోయాడు.

"అది నాది. మీది చెత్తకుప్ప వైపు పోయి చాలాసేపయింది" అన్నాడు స్టేషన్ మాస్టరు, తల తిప్పకుండానే.

ఇలా పడుతూ లేస్తూ రెండేళ్ళకి, ఎగరేసిన విమానాన్ని ఒక్క ముక్కగా ఇంటికి తెచ్చుకునే స్థితికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే డాక్టరు దిగబడ్డాడు.

"అన్నయ్యా, మీరు ఎగరేస్తుంటే నాకూ ముచ్చటేసింది" అంటూ ఒక ఆదివారం వెంట వచ్చాడు. ఈయన గురుపీఠం ఎక్కినంత సంబరపడి రిమోట్ చేతికిచ్చాడు. లోపల మాత్రం ఆ దుప్పటి ముచ్చట ఇతనికీ ఎప్పుడు జరుగుతుందా అని ఎదురుచూశాడు. జరగలేదు. రోజంతా వేలెడు సందులో పని చేసే చేతులవి. మూడో వారానికే విమానం ఆ చేతుల్లో చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. దిగేటప్పుడైతే రాలిన ఆకు నేలని తాకినట్టు దిగేది. ఈయనది దిగితే పక్కనున్నవాళ్ళు పళ్ళు బిగబట్టుకునేవారు.

"చెయ్యంటే అదీ" అనేవాడు స్టేషన్ మాస్టరు. రెండేళ్ళలో ఒక్కసారైనా ఈయనతో అనని మాట అది.

కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ కళ్ళ వ్యాపారికి అప్పుడు అనుభవంలోకి వచ్చింది. ఇంట్లో భార్య, "మా మరిది విమానం చుట్టూ జనం మూగారటగా" అంటే, "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. దుకాణంలో ఎవరికైనా అద్దాలు పెట్టి, "కనిపిస్తోందా?" అని అడుగుతున్నా, ఆయన కళ్ళకి కనిపించేది ఆ రాలే ఆకే.

వానలు వెళ్ళాక ఒక ఆదివారం, డాక్టరు స్వయంగా చేసిన పెద్ద విమానం తెచ్చాడు. ఎర్ర రెక్కలు. నిలబెడితే మనిషెత్తు ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళు కూడా చాపా ఫ్లాస్కూ పట్టుకుని వచ్చారు. డాక్టరు రెక్కలు బిగించి, రిమోట్ పుల్ల కుడికీ ఎడమకీ ఆడించాడు. రెక్కల వెనక అంచున ఉండే చిన్న పలకలు పైకీ కిందకీ కదిలాయి. కదిలాయి కదా అని అతను తృప్తిపడ్డాడు.

కళ్ళజోళ్ళాయన తృప్తిపడలేదు. పుల్ల కుడికి తోస్తే కుడి పలక పైకి లేవాలి. ఇది కిందకి దిగింది. అంటే కుడికి తిప్పితే విమానం ఎడమకి ఒరుగుతుంది. లోపల వైర్లు తారుమారయ్యాయి.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఒక్కసారి పడనీ, అనుకున్నాడు. నేను ఎన్నిసార్లు ఏరుకోలేదు ముక్కలు? ఒక్కసారి అతన్నీ ఏరుకోనీ.

అంతలో డాక్టరు వచ్చి రెండు చేతులతో రిమోట్ అందించాడు. "నాకీ విద్య నేర్పింది మీరు. మొదటిసారి మీ చేత్తోనే ఎగరాలి అన్నయ్యా."

"నేనెందుకయ్యా, నువ్వు చేసుకున్నది నువ్వే..."

"కాదనకండి బావగారూ" అంది మరదలు. "ఈయన నిన్నట్నుంచీ అదే అంటున్నారు."

ఇప్పుడు చెబితే, అంతసేపూ ఎందుకు చెప్పలేదంటారు. రిమోట్ అందుకున్నాడు. అయినా, కుడికి కావాలంటే ఎడమకి తొయ్యడమే కదా అని తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు.

విమానం పరుగెత్తి లేచింది. దూరంగా పోతున్నంతసేపూ ప్రతి కదలికనీ మనసులో తిరగేసుకుంటూ, చెమటలు కారుస్తూ, ఎలాగో నడిపాడు. మలుపు కూడా తిప్పాడు. చిక్కంతా అది వెనక్కి తిరిగి ముఖం మీదకి వస్తున్నప్పుడు వచ్చింది. ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎడమలు మామూలుగానే తారుమారవుతాయి. ఆ లెక్క ఒంటబట్టడానికే ఆయనకి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు తారుమారు మీద తారుమారు. బుర్ర ఒకటి చెప్పింది, వేళ్ళు పాత అలవాటు చొప్పున ఇంకొకటి చేశాయి. ఎర్ర విమానం ఒక పక్కకి ఒరిగి, చాప మీద వాళ్ళ తలల మీదుగా దూసుకెళ్ళి, ఫ్యాక్టరీ వెనక మురుగు కాలవలో ముక్కు గుచ్చుకుంది.

ఈయన పరుగెత్తి మోకాలి లోతు బురదలోకి దిగాడు. వెనకే డాక్టరు కూడా ఇస్త్రీ ప్యాంటుతో దిగాడు. విరిగిన రెక్క పైకి తీసి, పలకనీ వైరునీ చూసి నిలబడిపోయాడు.

"అయ్యో, తప్పు నాది. వైర్లు తిరగేసి పెట్టాను. మిమ్మల్నెంత ఇబ్బంది పెట్టాను అన్నయ్యా."

గట్టు మీంచి స్టేషన్ మాస్టరు అన్నాడు: "తిరగేసిన విమానాన్ని అంతసేపు గాల్లో నిలబెట్టారంటే మాటలు కాదు. చెయ్యంటే అదీ."

రెండేళ్ళకి పైగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. వచ్చింది. బురద కంటే కంపుగా ఉంది.

"నేను ముందే చూశాను" అన్నాడు నెమ్మదిగా. "ఎగరేయకముందే చూశాను."

డాక్టరు కళ్ళింత చేశాడు. "చూసి కూడా ఎగరేశారా? నాకైతే చేతులు ఆడేవి కావు."

ఇక చెప్పి ప్రయోజనం లేదని ఈయనకి అర్థమైంది. గట్టు మీద భార్య మాత్రం ఆయన ముఖంలోకే చూస్తోంది.

ఇంటికి వెళ్ళాక ఆవిడ పెరట్లో ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ అడిగింది: "మీ చేతికి ఇవ్వకపోయి ఉంటే చెప్పేవారా?"

ఆయన కాలివేళ్ళ మధ్య బురద తోముకుంటూ, "లేదు" అన్నాడు.

"మా చెల్లి తల మీద నుంచి పోయింది" అని, చెంబు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత వారాల్లో, ఎవరు విమానం తెచ్చినా పుల్ల ఆడించమని దగ్గర నిలబడి పలకలు చూడటం ఆయన తన పనిగా పెట్టుకున్నాడు. డాక్టరు ఎర్ర రెక్క అతికించి తెచ్చిన రోజు రెండుసార్లు చూశాడు. అది ఎగిరింది, తిరిగింది, ఎప్పట్లాగే చప్పుడు లేకుండా దిగింది. చూస్తుంటే కడుపులో మళ్ళీ భగ్గుమంది. ఆ మంట ఆరుతుందన్న ఆశ ఆయనకి లేదు. అయినా దగ్గరికి వెళ్ళి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఆ దించడం ఎలాగో కాస్త నాకూ చూపించవయ్యా."

డాక్టరు కొంచెం సిగ్గుపడ్డాడు. "చూపించడానికేం లేదు అన్నయ్యా. నేల దగ్గరికొచ్చాక మనం ఇంకేదో చెయ్యబోతాం. చెయ్యకూడదు. పుల్ల వదలకుండా పట్టుకుని, ఊరుకోవాలి."

"ఊరుకోవడమా?" అన్నాడు ఆయన. అదే తనకి అన్నిటికన్నా కష్టమైన పని అనిపించింది. రిమోట్ తీసుకుని, తన విమానాన్ని గాలికి ఎదురుగా పెట్టాడు.