అత్త ఎడమ మోకాలు

అత్త మోకాలు నొప్పి పెట్టాలని కోడలు రోజూ పొద్దున్నే లేచి కోరుకునేది. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు, మొగుడితో కూడా. అంటే ఇంకేమైనా ఉందా, మనిషి అంటారా?

అత్త ఎడమ మోకాలు సలిపిందంటే విమానం టికెట్ల ధర తగ్గుతుంది. నొప్పి ఎంతో తగ్గుదల అంత. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిందే. పాల ప్యాకెట్లు వేసేవాడు, మెట్లు తుడిచే ఆవిడ, పక్క వాటా నర్సు, ఎవరికి ప్రయాణం పడినా ముందు మూడో అంతస్తులో అత్త కిటికీకేసి తలెత్తి, "పిన్నీ, మోకాలెలా ఉంది?" అని కేకేసేవారు. కింద మెట్ల పక్క గదిలో టికెట్లు అమ్మే బాబాయి కూడా ఆ కబురు తెలిశాకే కంప్యూటర్ తెరిచేవాడు.

"సలపడం లేదర్రా, ఈ వారం ఆగండి," అనేది అత్త, మందుల చీటీ రాసిచ్చే డాక్టరమ్మలా దర్జాగా.

చలి మొదలవగానే కొడుకు ఒక ఆయింట్‌మెంట్ తెచ్చాడు. ముక్కు పగిలే వాసన, గుణం మాత్రం ఘనం. కోడలు రోజూ మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి, అరచేతులు వెచ్చజేసుకుని, అత్త మోకాలికి మర్దనా చేసేది. అత్త హాయిగా కాళ్లు చాపుకునేది. కింద బాబాయి తెర మీద అంకెలు మేకు కొట్టినట్టు ఉండిపోయాయి.

సరిగ్గా అప్పుడే కోడలి అక్క మంచాన పడింది. సముద్రం అవతల ఒక హాస్టల్లో వంట చేసేది అక్క. అమ్మ పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇక ఎక్కువ రోజులు లేవన్నారు అక్కడి డాక్టర్లు. ఫోన్లో, ఊపిరికీ ఊపిరికీ మధ్య, అక్క ఒక్కటే అడిగింది. "ఎప్పుడొస్తావే?"

"టికెట్టు తగ్గనీ అక్కా."

అన్నాక తన నోరు తనకే చేదైంది. ఏం చేస్తుంది మరి, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చినా సగం టికెట్టుకే వస్తుంది. ఆ తర్వాత అక్కకి ఫోన్ చెయ్యడం మానేసింది. మళ్లీ అదే అడుగుతుంది కదా. అటునుంచి మోగినా, మిషను చప్పుడులో వినపడలేదని తనకి తనే చెప్పుకునేది.

ఒక మధ్యాహ్నం ఆయింట్‌మెంట్ పక్కన పెట్టి, తను ముఖానికి రాసుకునే క్రీము తీసి అత్త మోకాలికి రాసింది. మర్నాడూ అదే పని. అత్త వంటింటి గట్టు పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. తెర మీద అంకె కాస్త కిందికి జారింది. కాస్తే.

ఆ మరుసటి మధ్యాహ్నం అత్త ముక్కు ఎగబీల్చింది. "ఏమే, పౌడరు కూడా అద్దుతావా? పెళ్లిచూపులున్నాయా నా మోకాలికి?"

కోడలు క్రీము చేతులతోనే మొహం కప్పుకుంది.

"అడిగితే పోయేదిగా," అంది అత్త. కోపంగానే అంది. "నా మోకాలు, నా నొప్పి. దొంగతనంగా వాడుకుంటావా?"

"ఏమని అడగను అత్తయ్యా? మీకు నొప్పి రావాలనా?"

అత్త మోకాలి మీది క్రీము కొంగుతో తుడుచుకుంది. "నీకు అక్క ఒక్కతే," అంది. "నాకు మోకాళ్లు రెండున్నాయి."

మర్నాడు పొద్దున, ఏడాదిగా గుమ్మం దాటని అత్త మెట్లు దిగడం మొదలుపెట్టింది. కోడలు గబగబా వచ్చి తొంగి చూసేసరికి అడుగు అంతస్తు దగ్గరుంది. గోడ పట్టుకోలేదు. బరువంతా ఎడమ కాలి మీదే మోపి, ఒక్కో మెట్టునీ పగబట్టినట్టు తొక్కుతోంది. ఆఖరి మెట్టు మీద టప్‌మని చప్పుడైంది. అక్కడే కూలబడింది.

"అమ్మాయ్!" బాబాయి గదిలోంచి కేక. "పడిపోతోంది! సగానికొచ్చింది... ఇంకా కిందికే! పాస్‌పోర్టు పట్రా!"

ఒక చేత్తో పాస్‌పోర్టూ ఇంకో చేత్తో ఆయింట్‌మెంటూ పట్టుకుని కోడలు పరిగెత్తుకొచ్చింది. అత్త మొహం బూడిద రంగులో ఉంది.

"బుక్ అయ్యేదాకా నన్ను ముట్టుకోకు."

"అత్తయ్యా..."

"ముట్టుకోకన్నానా!"

బాబాయికి టైపింగ్ రెండు వేళ్లతోనే వచ్చు.

"త్వరగా కొట్టు నాయనా, పోయేది నీ ప్రాణం కాదుగా."

"నాదేముంది పిన్నీ, నెట్టు తిరుగుతోంది."

తిరుగుతూనే ఉంది. అత్త పెదవి కొరుక్కుని ఆ వేళ్లనే చూస్తోంది. ఆమె నుదుటి చెమట మెట్టు మీద చుక్కలు చుక్కలుగా పడింది. ప్రింటరు కదిలింది.

"అయింది," అన్నాడు బాబాయి.

అప్పుడు అరిచింది అత్త. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఎముక అతుకుతుంది కానీ మోకాలు మొద్దుబారిపోయిందన్నారు డాక్టర్లు. నడవదు. ఇక సలపదు కూడా. ఆ తర్వాత ఎవరూ మూడో అంతస్తు కిటికీకేసి తలెత్తలేదు. తెర మీద అంకెలు ఎక్కడమే తప్ప దిగడం లేదు. కొడుకు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. అమ్మతో మాట్లాడతాడు, భార్యతో మాట్లాడడు.

ప్రయాణం రేపనగా, సంచి జిప్పు లాగుతున్న కోడల్ని అత్త మంచం మీంచి పిలిచింది.

"మీ అక్కకి చెప్పావా?"

"లేదు."

"ఏం?"

"అక్కణ్నుంచి ఫోన్ మోగి చాలా రోజులైంది అత్తయ్యా. ఇప్పుడు నేను చేస్తే... ఎవరెత్తుతారో."

అత్త కట్టు కట్టిన కాలిని రెండు చేతులా పట్టుకుని, చెక్కదుంగని జరిపినట్టు పక్కకి జరిపి, కోడలు కూర్చోడానికి చోటిచ్చింది.

కోడలు కూర్చుంది. చౌక టికెట్టు, వాపసు లేదని బాబాయి ముందే చెప్పాడు. ఆ కాలికేసి చూసింది. అదీ అంతే.

ఎవరెత్తినా సరే అనుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది.